మూడు మూరల మంచం

పరుపు మంచంలో కూర్చోనంటే కూర్చోనన్నది.

జమున దాన్ని తలవైపు నుంచి దించి చూసింది, కాళ్లవైపు నుంచి దించి చూసింది, మోకాలితో ఒత్తింది, చివరికి వీపు ఆనించి బరువంతా వేసి తోసింది. ఒక మూల అణిగితే ఇంకో మూల లేచి బండి గోడకు ఎగబాకుతోంది. నాలుగు రోజులు మిషన్ ముందు కూర్చుని గలీబు కుట్టి, దూది సాపుగా పరిచి, టాకాలు వేసిన పరుపు అది. మంచమేమో బండి నేలకు బోల్టులు బిగించిన ఇనుప మంచం. చుట్టూ రెండించుల ఎత్తు అంచు ఉంది. పరుపు ఆ అంచు లోపలికి దిగాలి. దిగడం లేదు.

సోమలింగం బండి తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. కుడి చెయ్యి ప్యాంటు జేబులో ఉంది. ఎనిమిది నెలల కింద కార్ఖానాలో మరమగ్గం పళ్లచక్రంలో పడి నడిమి మూడు వేళ్లు సగానికి పోయినప్పటి నుంచి, మనుషుల అలికిడి కాగానే ఆ చెయ్యి జేబులోకి పోతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం సుత్తె పడుతుంది, రంపం పడుతుంది. కట్టుకున్న భార్య కూడా మనుషుల్లోనే లెక్క.

"నాలుగున్నర ఫీట్ల వెడల్పు, ఆరు ఫీట్ల పొడుగు. ఇద్దరం కూసోనే గద అనుకున్నం?" అంది జమున, కొంగుతో మెడ తుడుచుకుంటూ.

"అనుకున్నం."

"నేను గట్లనే కుట్టిన. మరి నువ్వు?"

సోమలింగం పరుపును చూశాడు. మంచాన్ని చూశాడు. మొహం మాడిపోయింది. ఆ మాడడం జమున కళ్లబడింది గానీ, దానికి కారణం ఆమెకు వేరే విధంగా తోచింది.

"కొలిచే కట్టిన," అన్నాడు.

"కొలిచే కట్టినవా? అంటె కావాలనే చిన్నగ కట్టినవన్నట్టు."

సోమలింగం ఎడమచేత్తో తలుపు గొళ్లెం ఆడించాడు.

"ఏమయ్యా, నిన్నే అడుగుతున్న. ఇది ఒక్కలు పండే మంచం. నా జాగ ఏడున్నది?"

అప్పుడైనా నోరు తెరిచి 'పొరపాటు జరిగిందే' అంటే ఈ గొడవ అక్కడికక్కడే చల్లారేది. అనడే! పొరపాటు ఎక్కడ జరిగిందో అతనికి ఆ నిమిషంలోనే తెలిసిపోయింది. ఒంటరిగా పోదామనుకున్నావా అని పెళ్లాం నిందవేస్తే పడదామనుకున్నాడు గానీ, అసలు సంగతి చెప్పడానికి మనసు ఒప్పలేదు. మగవాళ్ల పౌరుషానికి వేళాపాళా ఉండదు.

"సరే, సమజైంది," అంది జమున.

పోయిన వారం కోపంలో అతను 'నన్ను జర ఒంటరిగ ఇడిచిపెట్టుండ్రి' అని అరిచిన అరుపు ఆమె చెవుల్లో ఇంకా ఉంది. ఇప్పుడు ఆ అరుపుకు ఈ మంచం సాక్ష్యం పలికినట్టయింది.

ఆమె వంగి గ్యాస్ గట్టు కింద సర్దిన గిన్నెలు తీసింది. పచ్చడి సీసా తీసింది. కిటికీలకు తనే కుట్టి తగిలించిన పరదాలు పట్టుకుని లాగింది. ఒక్కొక్కటీ బండిలోంచి దించి నేలమీద పెట్టసాగింది.

గోడాదరాలో వాళ్ల గల్లీ వెనక ఉన్న ఖాళీ జాగాలో ఆ బండి అయిదు నెలలుగా నిలబడి ఉంది. పాత టెంపో. యాత్రలు తిరగడానికని ఎవరో లోపల గ్యాస్ గట్టు, నీళ్ల తొట్టి, పడక పెట్టించుకుని, వాడి వాడి వదిలేసినది. కొన్ననాడు పైకప్పులోంచి ఆకాశం కనబడేది. జమున తుప్పు గీకింది, రంగు వేసింది. సోమలింగం కప్పు అతికాడు, వైర్లు మార్చాడు, కుళ్లిన చెక్క పీకి కొత్తది కొట్టాడు. భీవండి, షోలాపూర్, సిరిసిల్ల... మగ్గాలున్న ప్రతి ఊళ్లో వాళ్లకు చుట్టాలున్నారు. పెళ్లికో చావుకో తప్ప ఎవరి గడపా తొక్కింది లేదు. అన్ని ఊళ్లూ తిరిగి వద్దామని ఇద్దరూ కలిసి అనుకున్నారు. ఇద్దరూ అనే మాట దగ్గరే ఇప్పుడు పేచీ వచ్చింది.

బండి నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్న గంగవ్వ, గిన్నెలు దిగడం చూసి మెడ సాచింది. సోమలింగం తల్లి. డెబ్బై ఆరేళ్లు. పళ్లు పోయాయి గానీ మాట పదును అలాగే ఉంది.

"ఏందే పిల్లా, ఎక్కిచ్చిన సామాను దించుతున్నవ్?"

"నీ కొడుకు ఒక్కనికే మంచం కట్టుకున్నడు అత్తా. నాకు అందుల జాగ లేదంట."

"వాడన్నడా గామాట?"

"అనలే. అననే అనడు. అంటె నేను జవాబు చెప్త గద!"

"ఏందిరా ఇది?" అని గంగవ్వ కొడుకు వైపు తిరిగింది.

"అవ్వా, నువ్వు ఊకో," అన్నాడు సోమలింగం.

"నేను ఊకోను. ఊకుంటె నీ అయ్య నెత్తికెక్కేటోడు, ఇప్పుడు నువ్వెక్కుతవ్."

జమున పచ్చడి సీసా నేలమీద పెట్టి నడుం మీద చేతులు వేసుకుంది. ఏడవకూడదని గట్టిగా అనుకుంది. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఇరవై ఆరేండ్లయ్యా! ఇరవై ఆరేండ్లు నువ్వు నైట్ డ్యూటీల ఉన్నవ్. పొద్దుగాల నువ్వొస్తె నేను లేచి నీకు మంచం ఇచ్చిన. పొద్దుమూకి నువ్వు పోతె అదే మంచంల నేను పన్న. ఒక్క మంచం, ఇద్దరు మనుషులు. గూడి పన్న దినాలు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. ఈ బండిలనన్న ఒక్కతాన పండుదమనుకున్న. అదొక్కటే ఆశపడ్డ. ఇంకేమన్న అడిగిన్నా నిన్ను?"

వేళ్లు అన్న మాటకు సోమలింగం తల దించుకున్నాడు. జమున అది గమనించే స్థితిలో లేదు.

"మరి హారతి ఎట్ల పుట్టిందే?" అంది గంగవ్వ, సందు చూసుకుని.

"కార్ఖానకు కరెంట్ సెలవులుండె అత్తా వారానికొకటి!" అని అరిచి, అరిచిన తరువాత సిగ్గుపడి, ఆ సిగ్గుకు ఇంకా కోపం వచ్చి జమున ఇంట్లోకి వెళ్లిపోయింది.

* * *

ఆ హారతే అప్పుడు స్కూటీ మీద వచ్చి దిగింది. పర్వత్ పాటియాలో ఉంటుంది, పెళ్లయి రెండేళ్లు. కొబ్బరికాయ, పూలు, పసుపు, కుంకుమ తెచ్చింది. ఆ రోజు శుక్రవారం, మంచానికి పూజ. కొత్త మంచానికి పసుపు పెట్టి కాయ కొట్టేదాకా దాని మీద ఎవరూ నడుం వాల్చకూడదని గంగవ్వ పట్టు. బోల్టులు బిగించి వారం దాటినా అందుకే సోమలింగం దాని మీద చెయ్యి వేశాడు గానీ ఒరగలేదు.

నేలమీద గిన్నెలు, పరదాలు చూసి హారతి నిలబడిపోయింది.

"షు థయు బాపమ్మా? ఏమైంది? అమ్మ ఏడ?"

"మీ అమ్మ ఇంట్ల. మీ నాయిన గీడ. ఇద్దరి నడుమ మంచం."

"బాపూ?"

సోమలింగం చక్రం మీద కూర్చున్న దుమ్మును చెప్పుతో రాలుస్తున్నాడు. ఆ దుమ్ము రాలితే లోకం బాగుపడుతుందన్నంత శ్రద్ధగా రాలుస్తున్నాడు.

"బస్, అందరు మౌనవ్రతమేనా?" అని హారతి ఇంటివైపు అడుగు వేసింది. అంతలో జమునే బయటికి వచ్చింది. ఒక చేతిలో టేపు, ఒక చేతిలో బట్టలు కోసే పెద్ద కత్తెర.

"అమ్మా! ఏం చేస్తున్నవ్?"

"పరుపు కోస్త. మీ నాయిన ఒక్కనికి ఎంత కావాలెనో అంతే కోసిస్త. మంచిగ కాళ్లు చాపి పండుమను."

"పాగల్ అయినవా? నాలుగు రోజులు కుట్టినవ్!"

"నా పరుపు, నా కత్తెర. జరుగు."

ఆమె బండి ఎక్కింది. పరుపును నిలబెట్టి గోడకు ఆనించింది. మంచం అంచుకు టేపు పట్టింది. కోపంలో ఉన్నా కొలత దగ్గర జమున తప్పు చేయదు. గల్లీలో సగం మంది జాకెట్లు ఆమె కుట్టినవే, ఒక్కటి తిరిగి రాలేదు.

వెడల్పు నలభై ఎనిమిది ఇంచులు.

"చూడుండ్రి. యాభై నాలుగు ఉండాలె. ఆరించులు మింగిండు," అంది, బయట ఉన్నవాళ్లకు వినబడేలా.

తలవైపు టేపు కొన తన వెనకే బండి ఎక్కిన హారతికి ఇచ్చి కాళ్లవైపు నడిచింది. టేపు లాగింది. అంకె చూసింది. మళ్లీ లాగింది. మళ్లీ చూసింది.

అరవై నాలుగు.

కత్తెర గట్టు మీద పెట్టింది.

ఇరవై ఆరేళ్లుగా ఆ మనిషికి పైజామాలు, అంగీలు కుట్టింది ఆమె. మెడ ఎంతో, నడుం ఎంతో, నడుం నుంచి మడమ దాకా ఎంతో టేపు లేకుండా చెప్పగలదు. సోమలింగం పొడుగు అరవై ఎనిమిది ఇంచులు. ఒక్కడే పోదామనుకున్నవాడు తనకే పట్టని మంచం ఎందుకు కట్టుకుంటాడు?

"ఏమయ్యా, ఇట్ల రా," అంది. గొంతులో కోపం ఎటు పోయిందో పోయింది. "లోపలికి రా."

"ఎందుకు?"

"వచ్చి పండు."

"పూజ కాలే! కాయ కొట్టలే!" అని బయటి నుంచి గంగవ్వ కేక వేసింది.

"కాయ తర్వాత కొడదం అత్తా. పాపం తలిగితె నాకు తలుగనీ. పండయ్యా!"

సోమలింగం బండి ఎక్కి మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. తల అంచుకు ఆనింది. మడమలు అవతలి అంచు దాటి గాలిలో వేలాడాయి. చెప్పులు విడవడం మరిచిపోయాడు.

హారతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నీకే పడుతలేదు గదయ్యా," అంది జమున మెల్లగా. "నీకు పట్టది, నాకు పట్టది. ఇది ఎవ్వలకు కట్టినవ్?"

అతను కప్పు వైపు చూస్తూ పడుకున్నాడు.

"దేనితోని కొలిచినవ్?"

"మూరతోని."

"టేపు ఇంట్లనే ఉండె గద?"

"మా నాయిన మూరతోనే కొలిచిండు, నేను మూరతోనే కొలిచిన. పదారేండ్ల ఈడు సంది కొలుస్తున్న, ఎన్నడన్న తప్పిందా? మూడు మూరలు వెడల్పు, నాలుగు మూరలు పొడుగు."

"ఏ చెయ్యి?"

ఆ చెయ్యి పడుకున్నప్పుడు కూడా జేబులోనే ఉంది.

జమున మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. అతని మణికట్టు పట్టుకుని జేబులోంచి ఆ చేతిని బయటికి తీసింది. సోమలింగం వెనక్కి లాక్కోబోయాడు, ఆమె వదల్లేదు. ఆస్పత్రిలో కట్టు విప్పిన నాటి నుంచి ఆమె ఆ చేతిని ఇంత దగ్గరగా చూడలేదు. అతను చూడనివ్వలేదు. గాయాలు మానిపోయాయి. కొనలు నున్నగా, గులాబీ రంగులో ఉన్నాయి. భయపడ్డంత లేదు. తెలిసిన చెయ్యే, కాస్త పొట్టిదయింది, అంతే.

ఆమె మోచేతి దగ్గర టేపు పెట్టి, సగం మిగిలిన నడిమి వేలు కొన దాకా లాగింది.

"పదహారు. మూర అంటె పద్దెనిమిది ఉండాలె. మూరకు రెండించులు. మూడు మూరలకు ఆరు, నాలుగు మూరలకు ఎనిమిది..."

లెక్క సరిగ్గా సరిపోయింది. జమున కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకు తిరిగాయో ఆమెకు ఇప్పుడు స్పష్టంగా తెలుసు. ఈ మనిషి తనను వదిలి పోదామనుకోలేదు. అంతే చాలు. ఆ ఒక్క మాటకు గుండెలో ఉన్న రాయి జారిపోయినంత హాయిగా ఉంది.

"కొలుస్తున్నప్పుడు వేళ్లున్నయనే అనుకున్న జమునా," అన్నాడు సోమలింగం. "ఇప్పటికి ఉన్నట్లే అనిపిస్తది. దురద గూడ పెడుతయ్. పరుపు పడుతలేదన్నప్పుడే సమజైంది."

"సమజైతే చెప్పద్దా? నన్ను అంతసేపు ఏడిపిస్తవా?"

"ఎట్ల చెప్పాలె? మంచం కట్టుడు గూడ రాని చెయ్యి అయిపాయె అని చెప్పాల్నా?"

"అవ్, చెప్పాలె! నేను గాకుంటె ఎవలకు చెప్తవ్? మంచం మంచిగనే కట్టినవ్. గునపంతోని పొడిచినా కదులది. కొలతే తప్పింది. నేను ఎన్ని జాకెట్లు తప్పు కోసి ఇప్పి మల్ల కుట్టలే!"

"ఒక్కటి తప్పలేదని గల్లీ అంత చెప్పుకుంటవ్ గద."

"చెప్పుకునేటియి వేరే."

హారతి పకాలున నవ్వేసింది. ఆ నవ్వు చూసి జమునకు నవ్వొచ్చింది. ఏడుపు ఇంకా పూర్తిగా ఆగలేదు, నవ్వు మొదలైపోయింది, ముక్కు కారుతోంది. సోమలింగం మాత్రం నవ్వడానికి కొంచెం టైం తీసుకున్నాడు. నవ్వు మొదలయ్యాక మంచం కూడా కిర్రుమంది.

"అమ్మా, మంచానికి గట్టుకు నడుమ ఆ సందు!" అంది హారతి. "చీపురు పెట్టనీకి మంచి జాగ ఇడిచిండు మా ఆయన అని నాకు ఫోన్ల చెప్పినవ్ చూడు..."

"అది నా ఆరించులేనే!" అని జమున నుదురు కొట్టుకుంది. "నా పక్క మీద చీపురు పండబెట్టిన!"

బయట గంగవ్వకు ఓపిక అయిపోయింది. కుర్చీ ఈడ్చుకుంటూ బండి ముందువైపుకు వచ్చి, అద్దంలోంచి లోపలికి చూసింది.

"నవ్వుతున్నరా, ఏడుస్తున్నరా? నాకు జర చెప్పుండ్రి!"

హారతి దిగి వెళ్లి సంగతంతా చెప్పింది. గంగవ్వ అంతా విన్నది. ఆమె మొగుడు కూడా మూర వేసి కొలిచినవాడే. కొడుకు చెయ్యి గుర్తొచ్చిందేమో, కొంగు కళ్లకు అద్దుకుంది. అద్దుకున్నంత సేపు కూడా పట్టలేదు, మళ్లీ గొంతు లేచింది.

"మంచిది. బోల్టులిప్పి మల్ల కట్టుండ్రి. ఈసారి నా కోడలు కొలుస్తది, నువ్వు కొయ్యి. మంచం ముచ్చట తేలింది." కుర్చీలో సర్దుకుని కూర్చుంది. "గని లింగం, నాకొకటి చెప్పు. మంచంల పండుకుంటె ఊరు రాదు. గా చేత్తోని బండి ఎట్ల నడుపుతవ్ రా?"

గల్లీ అవతలి కార్ఖానాలో మగ్గాల టకటక ఒక్కటే వినిపిస్తోంది.

జమున మొగుడి వైపు చూసింది. ఇదేం ప్రశ్న, నడుపుతాడు, చెయ్యి బాగున్నప్పుడు ఇలాంటి బండ్లు నడిపినవాడే కదా అని ఆమె నోటిదాకా వచ్చింది. అతని మొహం చూశాక రాలేదు.

"నెల కింద నడిపి చూసిన," అన్నాడు సోమలింగం. "ఈడనే, ఈ జాగలనే. సీద పోతది. మలుపు కాడ స్టీరింగ్ చేతికెల్లి జారింది. గోడకు గుద్దకుంట ఆగిన, గంతే."

"మరి నెల సంది ఎందుకు చెప్పలే?"

"నాకు చెప్పుడు రాదు గద."

"మరి ఇదంత దేనికి చేస్తున్నమయ్యా? రంగులేసి, పరదాలు కుట్టి, ఈ జాగలనే కూసోని ఛాయ్ తాగనీకా?"

సోమలింగం మంచం దిగి, బండి చుట్టూ తిరిగి ముందుకు వెళ్లాడు. డ్రైవర్ తలుపు తీసి పట్టుకున్నాడు.

"ఇట్ల రా. ఎక్కు."

"ఏమున్నది అందుల?"

"ఎక్కవే, చెప్త."

జమున ఎక్కి కూర్చుంది. నాలుగడుగుల పదకొండు ఇంచుల మనిషి ఆమె. ఆటోలో గానీ, బస్సులో గానీ, ఎక్కడ కూర్చున్నా కాళ్లు నేలకు ఆనక వేలాడుతూ ఉంటాయి. ఇక్కడ ఆమె పాదాలు నేరుగా వెళ్లి పెడళ్ల మీద ఆనాయి. కిందికి చూసింది. సీటు కింద కొత్త ఇనుప పట్టీలు, కొత్త బోల్టులు. సీటు ముందుకు జరిగింది, ఎత్తు పెరిగింది. ఎదురుగా అద్దంలోంచి గంగవ్వ మొత్తం కనబడుతోంది, కుర్చీతో సహా.

"ఇది ఎప్పుడు చేసినవ్?"

"నువ్వు మార్కెట్‌కు పోయినప్పుడు. నీ మిషన్ స్టూలు కాడికెల్లి తొక్కుడు పలక దాకా దారం పెట్టి కొలిచిన." ఒక్క క్షణం ఆగాడు. "మూర వెయ్యలే."

"నేనా?" అంది జమున. "నేను నడపాల్నా? నాకు సైకిలే రాదయ్యా!"

"మిషన్ వస్తది. ఇరవై ఆరేండ్లు పగటిపూట పండుకోని నీ మిషన్ సప్పుడే విన్న. ఏడ ఆగాలె, ఏడ మెల్లగ పోవాలె, నీ కాలుకు తెలుసు. నిన్ను ఇడిచిపెట్టి పోవుడా? నువ్వు లేంది ఈ జాగ దాటది బండి."

హారతి స్కూటీ డిక్కీలోంచి ఒక కాయితం తీసుకుని వచ్చింది. దాని మీద జమున ఫోటో అతికించి ఉంది.

"లర్నింగ్ లైసెన్స్ ఫారం. సోమవారం పొద్దున ఏడింటికి ఆపీసుకు పోవాలె. నీ సంతకం ఒక్కటే బాకీ."

"నీకు గూడ తెలుసా?"

"చెప్పద్దని బాపు కసమ్ తీసుకున్నడు. నేనేం చెయ్యాలె?"

జమున కూతురిని చూసింది, మొగుడిని చూసింది, చేతిలో పెట్టిన పెన్నును చూసింది. పెన్ను తీసి డాష్‌బోర్డు మీద పెట్టేసింది. రెండు చేతులూ స్టీరింగ్ మీద వేసి, ఇటు కొంచెం, అటు కొంచెం తిప్పి చూసింది. చెవులు ఎర్రబడ్డాయి. భయమూ, సంతోషమూ ఏది ఎక్కువో ఆమెకే తేలలేదు.

"సంతకం తర్వాత పెడత," అంది, మొగుడి వైపు చెయ్యి చాపి. "ముందు తాళంచెయ్యి ఇటియ్యి."

సోమలింగం హారతి వైపు చూశాడు. హారతి వెనక్కి ఒక అడుగు వేసింది.

బండి ముందు కూర్చున్న గంగవ్వ, ఎవరూ చెప్పకుండానే లేచి, కుర్చీ తీసుకుని గోడ వైపు నడిచింది.